నా రక్తం నేనే పరీక్ష చేసుకున్న రోజు

తిరుపతిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో పంతొమ్మిదేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తుతాం. ఏడయ్యేసరికి పరగడుపున వచ్చినవాళ్ళతో బెంచీలు నిండిపోతాయి. మూడేళ్ళ కిందట జనవరిలో ఒకరోజు, ఇంకా ఎవరూ రాకముందే, మా జూనియర్ అమ్మాయి ముందు చెయ్యి చాపి కూర్చున్నాను.

"ఏమేం తీయాలక్కా?"

"అన్నీ తియ్యి."

పర్పుల్ మూత ట్యూబు ఒకటి, ఎర్ర మూతవి రెండు, షుగర్‌కు బూడిద రంగుది ఒకటి. సీబీసీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్, కాల్షియం, విటమిన్ డి, బీ12, ఆర్ఏ ఫ్యాక్టర్, సీపీకే, ఏఎన్ఏ. మెషీన్లో పెట్టింది నేనే, టైపు చేసింది నేనే. హిమోగ్లోబిన్ 12.4. ఈఎస్ఆర్ 14. టీఎస్‌హెచ్ 2.3. ఒక్కటంటే ఒక్కటి కూడా హద్దు దాటలేదు. ప్రింటు చేతిలో పట్టుకుని, సెంట్రిఫ్యూజ్ పక్కనున్న స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఏదో ఒక అంకె తేడాగా వస్తే బాగుండునని ఎంతగా కోరుకున్నానో అప్పుడే తెలిసింది.

అప్పటికి ఎనిమిది నెలలుగా ఒళ్ళంతా నొప్పి. మెడ, భుజాలు, నడుము, తొడలు. ఒకరోజు ఇక్కడ, ఇంకోరోజు అక్కడ. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టు ఉండేది. గాజులు మణికట్టుకు తగిలినా నొప్పే, అందుకని తీసేశాను. అన్నం తినగానే బాత్రూమ్‌కు పరుగు. చేతుల మీద దద్దుర్లు లేకుండానే దురద. గిన్నె కింద పడితే గుండె గొంతులోకి వచ్చేది. రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా నిద్ర పోయినట్టు ఉండేది కాదు.

ఇదంతా మా నాన్న పోయిన మూడో నెలలో మొదలైంది. కిడ్నీలు పాడై పద్నాలుగు నెలలు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్ళేదాన్ని. తెల్లవారి డ్యూటీ, మధ్యాహ్నం డయాలసిస్, రాత్రి ఇంటి పని. ఆ పద్నాలుగు నెలల్లో ఒక్క పూట నాకు ఒళ్ళు నొప్పి లేదు. అంతా అయిపోయాక వచ్చింది.

ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నాను. ఒకాయన రిపోర్టులన్నీ తిరగేసి, "ఏమీ లేదమ్మా. టెన్షన్ తగ్గించుకోండి, సరిపోతుంది" అన్నాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బయటికి వచ్చి లీలామహల్ సెంటర్ దగ్గర ఆటో కోసం నిలబడి ఆ మాటే తలుచుకున్నాను. ఏమీ లేదట. మరి ఈ నొప్పి ఎవరిది?

ఆ మాట నాకు కొత్త కాదు. కౌంటర్ దగ్గర రిపోర్టు అందిస్తూ నేను కూడా ఎన్ని వందల మందికి చెప్పి ఉంటాను: "అన్నీ నార్మలేనమ్మా, ఏమీ లేదు, ధైర్యంగా పో." మంచి మాటే చెబుతున్నానని అనుకున్నాను. ఆ కాగితం తీసుకుని కదలకుండా నిలబడిపోయిన ఆడవాళ్ళ ముఖాలు ఇప్పుడు గుర్తొస్తున్నాయి.

మా ఇంట్లోనే ఒక మనిషి ఉంది. మా అమ్మ.

మాది పాకాల దగ్గర పల్లె. రెండెకరాల శనక్కాయ చేను, నాలుగు మామిడి చెట్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ తలకు తువ్వాలు బిగించి కట్టుకుని, నుదుటికి అమృతాంజనం రాసుకుని పనిచేసేది. రాత్రయితే అరికాళ్ళ మంటలు. నేనో చెల్లెలో ఆముదం రాసేవాళ్ళం. నొప్పి అని అమ్మ అంటే మా జేజి "మొదులుపెట్టింది" అనేది. నాన్న పలికేవాడు కాదు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి విసుక్కుని, "యాడ నొప్పో చూపించు మా" అన్నాను. అమ్మ ఎడమ భుజం చూపించింది. "నిన్న మోకాలన్నావే? రోజుకో చోట చెప్తే ఎట్ల నమ్మేది?" అన్నాను. అమ్మ మారు మాట్లాడకుండా శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. నలభై నాలుగేళ్ళ వయసులో నా భుజం నొప్పి మర్నాటికి మోకాలికి దిగిన రోజు ఆ మాట నాకు తిరిగి వినిపించింది.

నాలుగో డాక్టరు పెద్దావిడ. సర్వీసు నుంచి రిటైరై ఇంట్లోనే కొద్దిమందిని చూస్తున్నారు. రిపోర్టులు పక్కన పెట్టి, మెడ వెనక, భుజాల మీద, మోకాళ్ళ లోపలి వైపు బొటనవేలితో నొక్కారు. నిద్ర గురించి అడిగారు. నాన్న గురించి అడిగారు. చివరికి నా చెయ్యి పట్టుకుని, "నీ నొప్పి నిజం తల్లీ. కండరంలో వెతికితే దొరకదు. నొప్పిని మోసే దారిలో ఉంది" అన్నారు. ఫైబ్రోమయాల్జియా అని చీటీ మీద రాశారు, అంటే ఒళ్ళంతా విడవకుండా నొప్పులుండే జబ్బు. "మరి మనసుకు సంబంధించినది కాదా?" అని అడిగాను. "మనసుకొక సీసా, ఒంటికొక సీసా అని శరీరం దగ్గర విడివిడిగా లేవమ్మా. అదే మందు రెండు చోట్లా పోస్తుంది" అన్నారు.

ఆ సీసాలో ఉన్నదేమిటో తెలుసుకోవాలని అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. అందులో ఒక భాగం న్యూరోపెప్టైడ్లు, అంటే నరాలు కబురు పంపడానికి వదిలే పెప్టైడ్లు.

పెప్టైడ్ అంటే ఏమిటో నాకు చేతి పనిగా తెలుసు. ఏసీటీహెచ్ అనే హార్మోను పరీక్ష రాసి పంపిస్తే మాకు అదొక పరుగు. పర్పుల్ మూత ట్యూబును ముందే ఐసులో పెట్టి చల్లబరచాలి. రక్తం తీయగానే మళ్ళీ ఐసులోకి. చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేసి వెంటనే గడ్డకట్టించాలి. ఫోనొచ్చిందని బల్ల మీద అలా వదిలేశామంటే అంకె దొంగదైపోతుంది. ఎందుకంటే అది చిన్న గొలుసు, రక్తంలో ఉండే ఎంజైములు దాన్ని తుంచేస్తాయి. ప్రొటీన్లు, పెప్టైడ్లు రెండూ అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చితే అయ్యేవే. ప్రొటీన్ గజమాల అనుకుంటే పెప్టైడ్ జడలో తురుముకునే చిన్న తునక. మెదడు తయారుచేసే ఎన్‌కెఫలిన్‌లో అయిదే పూలు. ఆక్సిటోసిన్‌లో తొమ్మిది. సబ్‌స్టెన్స్ పిలో పదకొండు. మా ఏసీటీహెచ్‌లో 39.

నరాలు మామూలుగా మాట్లాడుకునే తీరు వేరు. గ్లుటమేట్ లాంటి చిన్న రసాయనం ఒక నరం కొసన విడుదలై, పక్క నరాన్ని తాకి, సెకనులో వందో వంతు కూడా గడవకముందే పని ముగించుకుంటుంది. మిగిలినదాన్ని ఆ చుట్టుపక్కల కణాలు మళ్ళీ లోపలికి లాగేసుకుంటాయి. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నట్టు. పెప్టైడ్ అలా కాదు. నరం గట్టిగా, ఎడతెరిపి లేకుండా ఉలికిపడుతున్నప్పుడే ఎక్కువగా బయటికొస్తుంది. దూరం పాకుతుంది. దాన్ని వెనక్కి లాక్కునే ఏర్పాటు లేదు, ఎంజైములు తుంచేదాకా దాని పని సాగుతుంది.

నాకిది మా గంగమ్మ జాతర చాటింపులా అనిపిస్తుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు చాటింపు వేశారంటే ఆ మాట ఏ ఒక్క ఇంటికో చెప్పింది కాదు, ఊరంతటికీ. ఇక ఊరు విడిచి పోకూడదంటారు. ఒక ఇంట్లో బైరాగి వేషానికి సిద్ధమవుతారు, ఇంకో ఇంట్లో బండ వేషానికి, మరో ఇంట్లో పొంగలికి. చాటింపు ఒక్కటే, వీధివీధికీ పని వేరు. డప్పు ఆగిన తర్వాత కూడా వారం రోజులు ఊరి నడక మారిపోయి ఉంటుంది. న్యూరోపెప్టైడ్ కూడా అంతే. వెన్నుపాములో అందుకున్న కణం నొప్పిని పెంచుతుంది, పేగు కదలిక మారుస్తుంది, చర్మంలోని మాస్ట్ కణం హిస్టమిన్ వదిలి దురద పుట్టిస్తుంది, మెదడులో భయానికి కాపలా ఉండే అమిగ్డలా మేలుకుంటుంది. నొప్పి, పేగు, దురద, ఉలికిపాటు. నా చీటీ మీద నాలుగు వేర్వేరు రోగాల్లా రాసి ఉన్నవి ఇవే.

సబ్‌స్టెన్స్ పి సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. 1931లో లండన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జాన్ గాడమ్ అనే ఇద్దరు గుర్రం మెదడు నుంచి, పేగుల నుంచి తీసిన సారంలో దాన్ని కనుక్కున్నారు. మెదడులోనూ అదే, పేగులోనూ అదే. మా పల్లెలో "దిగులుకు కడుపు తిప్పింది" అని చెప్పుకునేదానికి ఆ ఒక్క ముక్కే చాలనిపించింది. ఆ గొలుసులో పూల వరస ఏమిటో మాత్రం నలభై ఏళ్ళ దాకా తేలలేదు. సూసన్ లీమన్ అనే శాస్త్రవేత్త ఒత్తిడి హార్మోను కోసం వెతుకుతూ ఉంటే, ఆమె తీసిన సారం ఎక్కించిన ఎలుకలకు నోట్లో నీరూరడం మొదలైంది. ఆ నీరూరడం పట్టుకుని పోతే దొరికింది సబ్‌స్టెన్స్ పి. 1971కి ఆమె బృందం ఆ పదకొండు అమైనో ఆమ్లాల వరస తేల్చింది. వెతికింది ఒత్తిడి హార్మోను, దొరికింది నొప్పి వార్త మోసేది.

దాని పని కళ్ళారా చూడాలంటే మిరపకాయలు దంచే చోట నిలబడాలి. ఏటా వేసవిలో అమ్మ అయిదారు కేజీల ఎండుమిరపకాయలు తొడిమలు తీసి, ఎండబెట్టి, రోట్లో దంచేది. సాయంత్రానికి అరచేతులు ఎర్రగా కంది, ఉబ్బి, వెచ్చగా ఉండేవి. నీళ్ళతో కడిగితే ఏమీ తగ్గేది కాదు, నూనె రాసి, పెరుగులో ముంచేది. మిరపలోని కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కాదు. అది చర్మంలోని నరాల కొసల మీద వేడిని పసిగట్టే తలుపును తెరుస్తుంది. ఆ తలుపుకు టీఆర్‌పీవీ1 అని పేరు. దాన్ని 1997లో కనుక్కున్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. తలుపు తెరుచుకోగానే నరం కొస మెదడుకు "మంట" అని కబురు పంపడమే కాదు, సబ్‌స్టెన్స్ పిని, సీజీఆర్‌పీ అనే ఇంకో పెప్టైడ్‌ను అక్కడికక్కడే చర్మంలోకి ఒలకబోస్తుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు ఊరి వాపు వస్తుంది. అమ్మ చేతి మీద నిప్పు లేదు, గాయం లేదు, క్రిమి లేదు. ఆ ఎరుపును, ఆ వాపును తెచ్చింది నరమే. చిన్నప్పుడు ఆ చేతులు పట్టుకుని ఊదినదాన్ని, గాయం లేకుండా నొప్పి ఎలా వస్తుందని పెద్దయ్యాక అడిగాను.

ఇక ఒళ్ళు నొప్పుల సంగతి. నార్వేలో 1988లోనూ, తర్వాత అమెరికాలో 1994లోనూ ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళ వెన్నులోని నీటిని తీసి చూస్తే, మామూలు మనుషుల కంటే సబ్‌స్టెన్స్ పి సుమారు మూడు రెట్లు ఉంది. ఇది చదివిన రాత్రి మా ఆయన్ని నిద్ర లేపి మరీ చెప్పాను. కానీ ఇక్కడ తొందరపడకూడదు. వేరే రకం దీర్ఘకాలపు నొప్పులున్న కొందరిలో కూడా అది పెరుగుతుంది. నొప్పి కంటే నీరసమే పెద్ద బాధగా ఉన్న క్రానిక్ ఫెటీగ్ వాళ్ళలో 1998లో స్వీడన్‌లో చూస్తే పెరగలేదు. అంటే అది ఈ జబ్బుకు ముద్ర కాదు, నొప్పి దారి వేడెక్కి ఉందన్నదానికి ఒక గుర్తు. మా కౌంటర్ దగ్గర రాయించుకునే పరీక్ష కూడా కాదు. వెన్నులో నీరు తీయడం ఇలాంటిదానికి చేసే పని కాదు, రక్తంలో చూస్తే వెన్నులో ఏముందో తెలియదు.

నార్మల్ రేంజ్ అన్న మాట గురించి కూడా ఇక్కడ చెప్పాలి, అది నా వృత్తి కాబట్టి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఎంతోమందిని పరీక్షించి, అటూ ఇటూ చివర్లు వదిలేసి, మధ్యనున్న 95 శాతం మంది అంకెలతో గీసిన గీత అది. రిపోర్టు నార్మల్ అంటే, మేము కొలిచినవి ఆ గీతల మధ్య ఉన్నాయని. కొలవనివాటి గురించి ఆ కాగితం ఒక్క ముక్క కూడా చెప్పదు.

దిగులుకూ నొప్పికీ ఉన్న లింకు విషయంలో ఒక పెద్ద ఆశ పుట్టి చల్లారింది. 1998లో సబ్‌స్టెన్స్ పి తలుపును మూసేసే మందు డిప్రెషన్‌కు పనిచేస్తోందని ఒక ప్రయోగం బయటికొచ్చింది. తర్వాత చేసిన పెద్ద ప్రయోగాల్లో మందు లేని ఉత్త మాత్రకూ దానికీ తేడా రాలేదు. ఆ జాతి మందులు నొప్పి మీద కూడా మనుషుల్లో నిలబడలేదు. అదే మందు, ఎప్రెపిటెంట్, 2003లో కీమోథెరపీ వాంతులకు అనుమతి పొందింది. మా సెంటర్ పక్కన మెడికల్ షాపులో ఆ మూడు కాప్స్యూల్స్ పెట్టె ఉంటుంది, మొదటిరోజుకు 125 మిల్లీగ్రాములది, తర్వాతి రెండు రోజులకు 80వి. క్యాన్సర్ ఉన్నవాళ్ళ కోసం కొనుక్కెళ్ళేవాళ్ళను చూసినప్పుడల్లా నా నొప్పి, వాళ్ళ వాంతి ఒకే పదార్థం చుట్టూ తిరుగుతున్నాయే అనిపిస్తుంది. అందుకే, ఎవరైనా ఇంటర్నెట్‌లో "పెప్టైడ్ ఇంజెక్షన్, అన్ని నొప్పులూ మాయం" అని అమ్మితే దయచేసి డబ్బు పోయకండి. ఊరంతా వినే చాటింపులో ఒక్క డప్పు ఆపితే జాతర ఆగదు.

అయితే ఆపగలిగిన డప్పులూ ఉన్నాయి. చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ కూతురికి పార్శ్వపు నొప్పి. వంట పనికి ఎగనామం పెట్టడానికే అంటూ వాళ్ళ అత్తగారింట్లో ఏళ్ళ తరబడి మాటలన్నారు. 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ అనే ఇద్దరు మైగ్రేన్ వచ్చి ఉన్నప్పుడే మెడలోని పెద్ద సిర నుంచి రక్తం తీసి చూస్తే సీజీఆర్‌పీ పెరిగి ఉంది. మిరపకాయ చేతిలో ఒలికేదే. 2018లో ఆ దారిని అడ్డుకునే మొదటి ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇదంతా అక్కకు ఫోన్లో చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను నాటకం ఆడలేదన్నమాట" అంది చివరికి.

అలాగే నెలసరి ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లు. సబ్‌స్టెన్స్ పికి చెల్లెలు లాంటి న్యూరోకైనిన్ బి అనే పెప్టైడ్ మెదడులోని ఉష్ణోగ్రత కేంద్రాన్ని కుదిపేస్తుందని తేలాక, దాని తలుపు మూసే మాత్ర 2023లో వచ్చింది. మన అమ్మలు చాలామంది వాటిని ఎవరికీ చెప్పుకోకుండానే దాటేశారు.

కడుపు సంగతికి వస్తే, దిగులు పడినప్పుడు మెదడులోని హైపోథలమస్ సీఆర్‌హెచ్ అనే 41 పూల గొలుసును వదులుతుంది. దాన్ని 1981లో వైలీ వేల్ గొర్రె మెదళ్ళలోంచి తీశాడు. అది మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథిని తడితే ఏసీటీహెచ్, ఏసీటీహెచ్ కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిని తడితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను. ఇంతవరకూ మా డిప్లొమాలో చదువుకున్నదే. చదువుకోనిది ఏమిటంటే, పేగుల గోడల్లో కూడా సీఆర్‌హెచ్‌ను అందుకునే తలుపులు ఉన్నాయని. జపాన్‌లో 1998లో దాన్ని ఎక్కించి చూస్తే, ఐబీఎస్ అనే పేగుల ఇబ్బంది ఉన్నవాళ్ళ పెద్దపేగు మామూలు వాళ్ళ పేగు కంటే ఎక్కువగా కదిలింది. నాన్న డయాలసిస్ రోజుల్లో ఏ ఫోను మోగినా నా కడుపులో కదిలినది, ఇప్పుడు ఫోను మోగకపోయినా కదులుతోంది.

ఎందుకు ఆగలేదన్నదానికి పెద్ద డాక్టరమ్మ చెప్పిన మాట ఇది: చేలో అడ్డదారిన నాలుగుసార్లు నడిస్తే గడ్డి లేస్తుంది, నాలుగు వందలసార్లు నడిస్తే బాట పడుతుంది. వెన్నుపాములో కూడా బాట పడుతుంది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ దీన్ని ఎలుకల్లో చూపించాడు. ఒకసారి బాట పడ్డాక సన్నటి తాకిడి కూడా నొప్పిగానే మెదడు చేరుతుంది. నా గాజుల్లాగా. ఇలాంటి నొప్పికి 2017లో ప్రపంచ నొప్పి నిపుణుల సంఘం నోసిప్లాస్టిక్ అని వేరే పేరే పెట్టింది: గాయమూ కాదు, నరం తెగిందీ కాదు, నొప్పి వ్యవస్థ తీరే మారిపోయినది. పుత్తూరులో కట్టు కట్టించుకుని ఎముక చక్కగా అతుక్కున్నా, ఏడాది దాకా చెయ్యి పట్టుకుని తిరిగిన మా బాబాయి ఇప్పుడు గుర్తొస్తాడు. ఆయన్ని కూడా నమ్మలేదు మేము.

పెద్ద డాక్టరమ్మ నాకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. అది డిప్రెషన్ మందు కదా అని భయపడ్డాను. ఆ జబ్బుకు ఇచ్చే మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువని, ఇంత చిన్న మోతాదు నిద్రకు, నొప్పి దారికి అని చెప్పారు. నాకు రాసింది మీకు పడాలని లేదు, మీ డాక్టరునే అడగండి. రోజూ పది నిమిషాలు నడవమన్నారు, బాగున్న రోజు కూడా పదే, బాగలేని రోజు కూడా పదే. నేను వినలేదు. మూడో వారంలో ఒళ్ళు తేలిగ్గా ఉందని అలిపిరి మెట్లెక్కేశాను. మొత్తం 3,550 మెట్లు, నేను గాలిగోపురం దాకా పోయి కూలబడ్డాను. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత పది నిమిషాలు పదిగానే ఉంచాను. ఇప్పుడు నలభై నిమిషాలు కపిలతీర్థం దాకా పోయి వస్తాను, రెండేళ్ళు పట్టింది. నొప్పి పోలేదు. సగానికి పైగా తగ్గింది. గాజులు మళ్ళీ వేసుకున్నాను.

ఒక విషయం మీద మాత్రం నాకు అనుమానం లేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "నీ నొప్పి నిజం" అన్న ఆ రాత్రి, ఏ మందూ మొదలుపెట్టకముందే, నేను ఆరు గంటలు నిద్రపోయాను. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ అనే ఇద్దరు పంది మెదడులోంచి ఎన్‌కెఫలిన్ తీశారు. ఒళ్ళు తానే తయారుచేసుకునే నల్లమందు అది. మూడేళ్ళకు, జ్ఞానదంతం తీయించుకున్న వాళ్ళ మీద ఒక ప్రయోగం జరిగింది. ఉత్త మాత్రకు సమానమైన ఇంజెక్షన్‌తో కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నల్లమందు పనిని ఆపే నలాక్సోన్ ఎక్కిస్తే ఆ నొప్పి తిరిగి పెరిగింది. నమ్మకంతో వచ్చిన ఉపశమనం ఊహ కాదు, దానికి ఒంట్లో రసాయనం ఉంది. చిన్నప్పుడు మాకు ఒళ్ళు వెచ్చబడితే అమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి దిష్టి తీసి పొయ్యిలో వేసి, ఒళ్ళో పడుకోబెట్టుకునేది. నిద్రపట్టేది. మరి అమ్మకు దిష్టి తీసినవాళ్ళెవరు?

పోయిన ఏడాది అమ్మను తిరుపతికి తీసుకొచ్చి, నా చేత్తో రక్తం తీశాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అదే మొదటిసారి అన్ని పరీక్షలూ చేయడం. బీ12 132 వచ్చింది, మా రేంజ్ 200 పైన మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ళ అరికాళ్ళ మంటలకు మేము ఆముదం రాస్తూ వచ్చాం. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడు నెలలకు మంటలు చాలావరకు పోయాయి. అందుకే, నార్మల్ రిపోర్టు చివరి మాట కాదని ఎంత గట్టిగా చెబుతానో, ముందు ఆ రిపోర్టు తీయించుకోమని కూడా అంతే గట్టిగా చెబుతాను. థైరాయిడ్, బీ12, డి, రక్తం, షుగర్ చూపించుకోకుండా ఏ నొప్పికీ మనసు పేరు పెట్టకండి. బరువు తగ్గుతున్నా, జ్వరం విడవకపోయినా, మలంలో రక్తం పడినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నా చీటీ వేరు, మీది వేరు.

అమ్మ భుజాల నొప్పి, నడుము నొప్పి మాత్రం బీ12తో పోలేదు. పెద్ద డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్తే నన్ను నొక్కినట్టే మెడ వెనక నొక్కారు. అమ్మ "అబ్బా" అంది. ఆవిడ "నొప్పి నిజమే పెద్దమ్మా" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గేటు దగ్గర దిగాక, "ఇంటర్లో నేనన్న మాట గుర్తుందా మా?" అని అడిగాను. "ఏ మాట?" అంది. గుర్తుందో లేదో నాకిప్పటికీ తెలియదు.

అమ్మ మళ్ళీ పల్లెకు పోయింది, తిరుపతిలో ఆమెకు పొద్దుపోదు. రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తాను. తిన్నావా, పాలోడు వచ్చినాడా అన్నవి తర్వాత. ముందు అడిగేది ఒకటే.

"ఈ పొద్దు యాడ మా నొప్పి?"

"కుడి భుజం. మోకాలు కూడా ఉండాది, కొంచెమే. నీకు యాడ?"